మా ల్యాబ్రడార్ కుక్కకి పొట్ట కింద చీము పొక్కులు, మందు ఆపితే మళ్ళీ వస్తున్నాయి

కాకినాడ_బ్రూనో
అందరికీ నమస్తే. మా బ్రూనోకి నాలుగేళ్ళు. వానలు మొదలైనప్పట్నుంచి పొట్ట కింద, తొడల లోపల చీము పొక్కులు, అవి చితికాక గుండ్రంగా మచ్చపడి అంచు చుట్టూ పొట్టు లేస్తోంది. డాక్టర్ గారు పయోడెర్మా (చర్మానికి చీము పట్టే ఇన్ఫెక్షన్) అని సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, పూర్తిగా తగ్గింది, కోర్సు అయిన కొన్నాళ్ళకే మళ్ళీ మొదలు. ఇంకా పవర్ ఉన్న యాంటీబయాటిక్ అడగనా? షాంపూ ఏది? ఇంట్లో చిన్నపాప ఉంది, అంటుకుంటుందా? తిండి చికెన్, పెరుగన్నం.

సింబా_వాళ్ళమ్మ
ముందు చికెన్ ఆపేయండి, బాగా వేడి. మా సింబాకి ఎండాకాలమంతా ఇవే కురుపులు, చికెన్ మాన్పించి ఉత్త పెరుగన్నం పెట్టాక ఒళ్ళు నున్నగా అయింది.

వరంగల్_జీఎస్‌డీ
వేడి ఏంటమ్మా వేడి. ఎన్నో ఏళ్ళుగా షెపర్డ్‌లు పెంచుతున్నా, చుట్టుపక్కల ఎవరి కుక్కకి ఏమొచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఆ పొక్కుల్లో ఉండేది చాలావరకు స్టెఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బ్యాక్టీరియా, అది మామూలు కుక్క ఒంటి మీద కూడా ఉంటుంది, చర్మం దెబ్బతిన్నప్పుడే రెచ్చిపోతుంది. ఆ దెబ్బ దేనివల్లో పట్టుకోవాలి: పిడుదులా, ఎలర్జీయా, డెమోడెక్స్ పురుగా, థైరాయిడా. అది వదిలేసి ఎన్ని మాత్రలు మింగించినా ఆపగానే మళ్ళీ వస్తాయి.

సింబా_వాళ్ళమ్మ
మరి మావాడికి చికెన్ మానేస్తే ఎందుకు తగ్గిందో చెప్పండి సార్. కళ్ళారా చూసింది అబద్ధమా?

కూకట్‌పల్లి_పగ్
మీవాడికి తగ్గడం నిజమే అయ్యుంటుంది అక్కా, కానీ అది వేడి కాదు, చికెన్ ఎలర్జీ కావచ్చు. కుక్కలకి ఎక్కువగా పడనివి బీఫ్, పాల పదార్థాలు, చికెన్. పాల పదార్థాలంటే పెరుగు కూడా! అంటే బ్రూనోకి చికెన్ మాన్పించి పెరుగు ఉంచితే ఏమీ తేలదు. అది ఎప్పుడూ తినని మాంసం ఒక్కటే పెట్టి 8 వారాలు చూడాలి, మధ్యలో బిస్కెట్ ముక్క కూడా వేయకూడదు.

సింబా_వాళ్ళమ్మ
పెరుగు పడదా!! మా పుట్టింట్లో తాతల నాటి నుంచి కుక్కలకి పెరుగన్నమే, ఒక్కదానికీ కురుపు లేదు. ఫోన్లో నాలుగు ముక్కలు చదివి పెంచినవాళ్ళకి పాఠాలు చెప్పకండి.

కూకట్‌పల్లి_పగ్
అందరి కుక్కలకీ అనలేదు. ఎలర్జీ ఉన్నదానికి అన్నాను. ముందు చదవండి.

వరంగల్_జీఎస్‌డీ
ఇదిగో, పగ్ పెంచేవాళ్ళు కూడా తిండి గురించి చెప్పేవాళ్ళే. ఆ ముఖం మడతలు రోజూ తుడవండి చాలు.

వైజాగ్_గోల్డీ
తిండి గొడవ ఇంకో చోట పెట్టుకోండి ప్లీజ్, ఆయన షాంపూ అడిగారు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది తీసుకోండి, వారానికి రెండు మూడుసార్లు. అసలు కిటుకు 10 నిమిషాలు నురగ ఒంటి మీద ఉండాలి, వెంటనే కడిగేస్తే డబ్బులు నీళ్ళపాలే. నేను బాత్రూం తలుపేసి ఫోన్లో టైమర్ పెట్టి, గోల్డీ ముందు కూర్చుని ఒక్కో కీరా ముక్క అందిస్తూ ఉంటా, అది కదలదు. కడిగాక వేళ్ళ సందులు, చంకలు బాగా ఆరబెట్టాలి, మా వైజాగ్ తేమకి అక్కడే మొదలవుతుంది. పైపైన ఉన్న ఇన్ఫెక్షన్ అయితే చాలాసార్లు మాత్ర లేకుండా దీంతోనే తగ్గుతుంది.

నెల్లూరు_రాకీ
ఎవరైనా దురదకి ఇంజెక్షన్ అంటే అది స్టెరాయిడా అని అడగండి. మేం చూపించిన చోట వెళ్ళినప్పుడల్లా ఒకటి పొడిచేవాడు, రెండ్రోజులు రాకీ హాయిగా పడుకునేవాడు, తర్వాత డబుల్ అయ్యేది, చివరికి కాలి వేళ్ళ మధ్య చీము గడ్డలు. ఒక్కసారీ స్లైడ్ మీద తీసి చూసింది లేదు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. తర్వాత తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళి కల్చర్ (చీములో బ్యాక్టీరియాని పెంచి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) చేయిస్తే సెఫలెక్సిన్ పనిచేయని రకమని తేలింది. బ్రూనోకి కూడా కల్చర్ చేయించకుండా పెద్ద మందు అడగొద్దండి, అది కూడా పనిచేయకపోతే తర్వాత మిగిలేవి కొన్నే.

డల్లాస్_సుధ
పాప సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ బ్యాక్టీరియా మనుషులకి అంటడం అరుదు, చేతులు కడిగిస్తే చాలు. కానీ గుండ్రటి మచ్చ తామర కూడా కావచ్చు, అదీ, సార్కోప్టిస్ పురుగు వల్ల వచ్చే గజ్జీ మనుషులకి అంటుకుంటాయి. అందుకే ముందు చర్మం గీకి చూడమనండి.

గుంటూరు_వీధికుక్కలు
గజ్జి అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా సందులో ఒకదానికి వెంట్రుకే లేదు, మెకానిక్ షాపు అన్న బండి నల్లనూనె పూస్తున్నాడు, మంచిదేనా?

వైజాగ్_గోల్డీ
వద్దు! వెంటనే ఆపించండి, అది నాక్కుంటుంది, కడుపులోకి వెళ్ళేది విషం. డాక్టర్‌ని అడిగి గజ్జి పురుగుల్ని చంపే ఫ్లురలానర్ మాత్ర మాంసం ముక్కలో పెట్టి వేయండి, దాదాపు 12 వారాలు పనిచేస్తుంది. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ముందే చెప్పాలి.

గుంటూరు_వీధికుక్కలు
బరువును బట్టి ఇస్తారట కదా, దాన్ని ఎలా తూచేది?

వరంగల్_జీఎస్‌డీ
ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఎత్తుకుని మిషన్ ఎక్కు తమ్ముడూ. తర్వాత దుప్పటితో నువ్వొక్కడివే ఎక్కి, ఆ బరువు మొదటి బరువులోంచి తీసెయ్. ఎత్తుకోనివ్వకపోతే ఫొటో తీసి డాక్టర్‌కి చూపించు, అంచనా వాళ్ళే వేస్తారు.