.22 హై వెలాసిటీ తూటాల కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) ఒకవైపు ఉబ్బుతోంది, ఇది ప్రమాదమా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి హైదరాబాద్‌లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) రైఫిల్ షూటింగ్ ప్రాక్టీస్ చేస్తోంది. ఇన్నాళ్లూ సెకనుకు 325 మీటర్ల వేగం ఉన్న స్టాండర్డ్ తూటాలే వాడింది. అవి దొరక్క, పోయిన వారం హై వెలాసిటీవి తీసుకున్నాం, డబ్బా మీద 380 మీటర్లు అని ఉంది.

గ్రూప్ (టార్గెట్ మీద దెబ్బలన్నీ దగ్గరగా పడటం) చెదిరిపోయింది. దానికి కారణం కొంత తెలుసు: 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం 343 మీటర్లు, ఈ తూటా దాన్ని దాటి బయల్దేరి, టార్గెట్ చేరేలోపే మళ్లీ ఆ వేగం కిందికి దిగుతుంది. ఆ దిగేటప్పుడే కుదుపు. 10.4 మిల్లీమీటర్ల పది పాయింట్ల వలయంలో ఆ కుదుపు చాలు, స్కోరు పోవడానికి.

నా అసలు టెన్షన్ వేరే. పేలిన కేసులు ఏరి చూస్తే, రెండింటికి అంచు పైన ఒకవైపే ఇత్తడి ఉబ్బి ఉంది, గోరుతో తడిమితే తెలుస్తోంది. రిమ్‌ఫైర్‌లో (ఇలా అంచులో మందు ఉండే తూటాల్లో) పిన్ను అంచును నొక్కితేనే మందు అంటుకుంటుంది కాబట్టి అక్కడ ఇత్తడి పలచగానే ఉండాలి, ఎక్కువ ఒత్తిడి ఆగదు. అమెరికాలో సామీ (తూటాల తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం .22 లాంగ్ రైఫిల్‌కు (ఈ తూటా రకానికి) గరిష్ఠ సగటు ఒత్తిడి 24,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), స్టాండర్డ్‌కైనా హై వెలాసిటీకైనా అదే. మరి ఈ ఉబ్బు తూటా తప్పా, లేక ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) అరిగి కేసుకు ఆ వైపు ఆసరా లేకనా? ఎండలో తూటాల డబ్బా వేడెక్కడం వల్ల కూడా అవుతుందా?

పిల్ల ముఖం బోల్ట్‌కు (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగానికి) జానెడు దూరంలో ఉంటుంది. ప్రస్తుతానికి ఆపించాను. ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మెకానిక్) దగ్గర ముందు ఏం కొలిపించాలో తెలిసినవాళ్లు చెప్పండి.