‘మిషన్ లండన్’: నవ్వుకోవాలా, తలదించుకోవాలా?

గోదారోడు:
నిన్న రాత్రి ‘మిషన్ లండన్’ చూశాను. 2010లో దిమితర్ మితోవ్‌స్కీ తీసిన బల్గేరియా కామెడీ. దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరినందుకు లండన్‌లో సంగీత కచేరీ పెట్టాలి, దానికి ఇంగ్లండు రాణి రావాలి. ఇదీ ప్రెసిడెంటు గారి భార్య పట్టుదల. కొత్త రాయబారి వరాదిన్ వెళ్లి ఒక ఏజెన్సీని పట్టుకుంటాడు. వాళ్లు పంపేది రాణిని కాదు, రాణి పోలికలున్న మనిషిని! ఆ ముక్క ఈయనకు తెలీదు. కడుపుబ్బ నవ్వాను. కానీ సొంత దేశాన్ని ఇంత అల్లరి చేసుకోవాలా అన్న డౌటూ వచ్చింది.

పాత రీలు:
సబ్‌టైటిల్స్ ఉన్నాయా బాస్?

క్రాయిడన్ కిట్టయ్య:
నాకు నచ్చలేదండీ. రాణిని పిలవడానికి ఏ రాయబారీ ఏజెన్సీ గుమ్మం ఎక్కడు. ఇక్కడ లండన్‌కు కొత్తగా వచ్చిన రాయబారి కోసం ప్యాలెస్ వాళ్లే గుర్రపుబండి పంపిస్తారు. అందులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు వెళ్లి నియామక పత్రాలు ఇచ్చి వస్తాడు. పదమూడేళ్లుగా ఇక్కడున్నాను, ఆ బండిని రెండుసార్లు కళ్లారా చూశాను. ఆ మాత్రం తెలీనివాళ్లు సినిమా తీస్తే ఎలా?

నైజాం చెల్లె:
తెలీక కాదు అన్నా. సినిమాకు మూలం అలెక్ పొపోవ్ నవల, 2001లో వచ్చింది. ఆయన లండన్‌లోని బల్గేరియా ఎంబసీలోనే సాంస్కృతిక విభాగం చూసిన మనిషి. లోపల చూసిందే రాసుంటాడు.

క్రాయిడన్ కిట్టయ్య:
అంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నమాట.

నైజాం చెల్లె:
ఆ తిండి పెట్టింది జనం. లెక్క జనానికే చెప్పాడు. నా సంగతి వినండి. ఒక దేశంలో (ఏదో చెప్పను) నా పాస్‌పోర్ట్ పోయింది. అక్కడి మన ఎంబసీ ఆఫీసుకు మూడు రోజులు తిరిగాను. మొదటిరోజు జిరాక్స్ ఒకటి తక్కువైందన్నారు, రెండోరోజు సర్వర్ డౌన్. మూడోరోజు కౌంటర్‌లో మనిషే లేడు. పక్క హాల్లో నిచ్చెనెక్కి బంతిపూల దండ కడుతున్నాడు! ఎవరో పెద్దాయన భార్య వస్తోందట. నిచ్చెన మీంచే “రేపు రామ్మా” అన్నాడు. ఈ సినిమా చూస్తే ఆ నిచ్చెనే గుర్తొచ్చింది.

క్రాయిడన్ కిట్టయ్య:
మీ పాస్‌పోర్టుకూ బల్గేరియాకూ ఏం సంబంధమమ్మా? గుర్రపుబండి సంగతికి ఎవరూ జవాబివ్వలేదు.

గోదారోడు:
గుర్రపుబండి వదలండి గురువుగారూ! బల్గేరియావాళ్లే థియేటర్లు నింపి మరీ చూశారు. వాళ్లకు లేని బాధ మీకెందుకు?

క్రాయిడన్ కిట్టయ్య:
ఎందుకా? మీరు రాజమండ్రిలో సోఫా మీద కూర్చుని నవ్వుతారు. వాళ్లు తమ రాజధాని సోఫియాలో నవ్వుకున్నారు. ఇక్కడ బతికేవాడి గతేంటి? మా ఆఫీసులో బల్గేరియా అమ్మాయి ఉంది. ఎవడో ఈ సినిమా చూసొచ్చి “మీ ఎంబసీలన్నీ ఇంతేనా?” అని అందరి ముందూ అడిగాడు. ఆ పిల్ల నవ్వింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. వాడే కిందటి క్రిస్మస్ పార్టీలో మన యాసలో ఇంగ్లిషు మాట్లాడి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక అన్నం సహించలేదు.

నైజాం చెల్లె:
ఈ మాట మొదటే చెప్పుంటే అయిపోయేది కదన్నా. అయితే మీకు కోపం ఆ వెటకారగాడి మీద. వాడి కోసం పొపోవ్ నోరు మూసుకోవాలా? వాడికి భయపడి నేనూ నా నిచ్చెన కథ ఇంగ్లిషులో చెప్పకూడదా?

క్రాయిడన్ కిట్టయ్య:
తెలుగులో చెప్పండి, ఎంతైనా నవ్వుతాను.

నైజాం చెల్లె:
అక్కడే మీకూ నాకూ కుదరదు. తెలుగులో చెబితే ఆ నిచ్చెన మీదివాడు కూడా నవ్వేసి “రేపు రామ్మా” అంటాడు.

పాత రీలు:
సబ్‌టైటిల్స్ అడిగాను, ఎవరైనా చెప్తారా?

గోదారోడు:
ఉన్నాయి బాస్. ఇంగ్లిషు డైలాగులు కూడా చాలానే ఉంటాయి.

క్రాయిడన్ కిట్టయ్య:
సరే. ఏజెన్సీ దగ్గరికి వెళ్లే రాయబారి మాత్రం ఉండడు.