బ్యాకప్ జిప్ చేయాలంటే అదే డిస్క్‌లో అంత ఖాళీ ఉండాలా?

దిల్‌సుఖ్‌నగర్ స్టూడియో:
నమస్తే అండి. మా ఫొటో స్టూడియోలో 2 టీబీ డిస్క్. పెళ్లిళ్ల ఫోల్డర్లు 400 జీబీ, ఖాళీ 90 జీబీ. జిప్ చేస్తే తగ్గుతుంది కదా అని రాత్రి పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున షాపు తెరిస్తే డిస్క్ నిండి ఆగిపోయి ఉంది. టెంపరరీ ఫైల్‌కి అదే డిస్క్‌లో చోటు ఉండి తీరాలంటాడు మా అన్నయ్య. నిజమేనా?

మియాపూర్ లైనక్స్:
అక్కర్లేదండి. ఫైళ్లన్నీ ఒకటిగా చేర్చే టార్ ప్రోగ్రామ్ ఇచ్చేదాన్ని పైప్‌లో (డిస్క్ మీద పెట్టకుండా నేరుగా) కుదించే జీజిప్ ప్రోగ్రామ్‌కి ఇచ్చి, ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద రాయించండి. మధ్యలో ఏ ఫైలూ తయారవదు. అసలు చోటు తినేది పాత ఆర్కైవ్‌ని (ముందే చేసి పెట్టుకున్న జిప్ ఫైల్‌ని) అప్‌డేట్ చేయడం. 300 జీబీ జిప్‌లో ఒక్క ఫొటో చేర్చినా మామూలుగా మొత్తం కొత్తగా రాసి, తర్వాతే పాతది తీసేస్తుంది. అంతసేపూ రెండూ డిస్క్ మీదే. ఏ నెలది ఆ నెల విడిగా చేసుకోండి.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్:
నేను ఒప్పుకోను. పోయిన వానాకాలం అచ్చం అలాగే రాయిస్తుంటే అర్ధరాత్రి కరెంటు పోయింది. నేను అక్కడ లేను. పొద్దున చూస్తే ఫైల్ అసలు పేరుతోనే ఉంది, సైజు కూడా పెద్దదే. అయిపోయిందనుకుని ఫోల్డర్ డిలీట్ చేశాను. రెండు నెలలకి తెరిస్తే ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్’, అంటే ఫైల్ మధ్యలోనే తెగిపోయిందని. ఒక నిశ్చితార్థం ఫొటోలు సగం పోయాయి. ఆ అమ్మాయి వాళ్ల నాన్నకి ఏం చెప్పాలో తెలియలేదు. పూర్తయ్యేదాకా టెంపరరీ పేరుతో ఉండాల్సిందే.

మియాపూర్ లైనక్స్:
చాలా బాధేసిందండి. పేరు విషయంలో మీ మాటే కరెక్ట్. కానీ ఆ ఫైల్ అదే డిస్క్‌లో ఎందుకు? ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే చివర ‘.పార్ట్’ తగిలించి రాయించండి, ఫైల్ పూర్తిగా ఉందో లేదో చూసే టెస్ట్ పాసయ్యాక పేరు మార్చండి. ఒకే డిస్క్‌లో పేరు మార్చడానికి అదనపు చోటు పట్టదు. వేరే డిస్క్‌లో పెట్టి తెస్తే మాత్రం మొత్తం కాపీ కావాలి. టెంప్ ఫోల్డర్‌ని అసలు నమ్మకండి. 2025లో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్‌లో అది ర్యామ్‌లో ఉంటుంది, మామూలుగా ర్యామ్‌లో సగం దాకానే. 16 జీబీ మెషీన్ అయితే 8 జీబీకే ఆగిపోతుంది.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్:
ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. స్టూడియో గారూ, ఇంకో మాట. జేపెగ్‌లు ముందే కుదించి ఉంటాయి, జిప్ చేసినా పెద్దగా తగ్గవు. మీ 400 దాదాపు 400గానే ఉంటుంది. ఊరికే కాపీ చేసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో ముందు చూడండి, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

దిల్‌సుఖ్‌నగర్ స్టూడియో:
చూశాను, ఫ్యాట్32నే. ఈ రాత్రికి ఫార్మాట్ చేసి కాపీ పెడతాను. అది తెరిచి చూసేదాకా అసలు ఫోల్డర్ ముట్టుకోను.