అమెరికాలో డిగ్రీ జీపీఏ 2.8: మెడికల్ కాలేజీ ఆశ వదులుకోవలసిందేనా?

ప్రశ్న: పటమట తండ్రి, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో పుట్టింది. చిన్నతనంలోనే మేము తిరిగి వచ్చేయడం వల్ల విజయవాడలోనే పెరిగి, ఇంటర్మీడియట్ బైపీసీ ఇక్కడే చదివింది. పౌరసత్వం అక్కడిది కాబట్టి, అక్కడే డిగ్రీ చేసి ఆపైన మెడికల్ కాలేజీలో చేరాలన్న కోరికతో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బయాలజీలో చేరింది. ఇప్పటికి మూడేళ్లు, 90 క్రెడిట్లు పూర్తయ్యాయి గాని మొత్తం జీపీఏ (గ్రేడుల సగటు) నాలుగుకు 2.8 దాటలేదు. సైన్సు, గణితం సబ్జెక్టులను మాత్రమే తీసుకుంటే 45 క్రెడిట్లకు 2.4 మాత్రమే ఉంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో డి గ్రేడు వచ్చింది. చివరి సెమిస్టర్లో మాత్రం కాస్త కోలుకుని 3.4 తెచ్చుకుంది. ఇంటర్లో వెయ్యికి 970 దాటిన పిల్లకు అక్కడ ఇలా ఎందుకు జరిగిందో మాకు అంతుపట్టడం లేదు.

వెనక్కి పిలిపించి నీట్ రాయించమని మా బావగారు అంటున్నారు. కరీబియన్ దీవుల్లోని కాలేజీలో చేర్పించమని మరొకరు చెబుతున్నారు. అమ్మాయి మాత్రం ఈ జూన్‌లోనే దరఖాస్తు పెట్టి చూస్తానంటోంది. మిగిలిన ఒక్క సంవత్సరంలో ఈ జీపీఏను సరిదిద్దుకునే వీలుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థి

నమస్కారమండి. నేను గుంటూరులో ఎంబీబీఎస్ చేసి, చాలాకాలంగా అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడి ఒక మెడికల్ కాలేజీలో అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసే బృందంలో కొన్నేళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పవలసింది, ఈ జూన్‌లో దరఖాస్తు పెట్టనివ్వకండి. బలహీనమైన ఫైలుతో పంపిన దరఖాస్తుకు ఫీజులు పోవడంతోపాటు, మళ్లీ అదే కాలేజీకి దరఖాస్తు చేసినప్పుడు గతంలో తిరస్కరించిన సంగతి వాళ్ల ముందు ఉంటుంది, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని అడుగుతారు.

ఇక లెక్కకు వద్దాం, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు ఆశపడేదీ దిగులుపడేదీ ఈ లెక్క వేసుకోకుండానే. 90 క్రెడిట్లకు 2.8 అంటే 252 పాయింట్లు. నాలుగో సంవత్సరం 30 క్రెడిట్లలోనూ అన్నీ ఏ గ్రేడులే తెచ్చుకున్నా 120 పాయింట్లు కలిసి, 372ను 120తో భాగిస్తే 3.1 మాత్రమే అవుతుంది. డిగ్రీ అయ్యాక పోస్ట్‌బ్యాక్ పేరుతో మరో సంవత్సరం అంతే బాగా చదివినా 3.28 దగ్గర ఆగుతుంది. ఎండీ (అమెరికాలో ఇది మన ఎంబీబీఎస్ వంటి డిగ్రీ) కాలేజీల్లో ఇటీవల చేరుతున్నవారి సగటు జీపీఏ 3.77కు తగ్గడం లేదు, ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ సగటు 511 పైన ఉంటోంది. కాబట్టి సగటును సగటుతో సమానం చేయాలనే ఆలోచనను పక్కన పెట్టవలసిందే.

అలాగని దారి మూసుకుపోలేదు. దరఖాస్తు వ్యవస్థ అయిన ఆమ్‌కాస్, గ్రేడులను సంవత్సరాలవారీగా విడదీసి చూపిస్తుంది, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం కలిపి సైన్సు జీపీఏను వేరుగా లెక్కగడుతుంది. సైన్సు క్రెడిట్లు తక్కువ కాబట్టి ఆ అంకె తొందరగా కదులుతుంది. 45 క్రెడిట్లకు 2.4 ఉన్నచోట 24 క్రెడిట్లు ఏ గ్రేడుతో చేరితే 2.96, ఆపైన మరో 24 చేరితే 3.23 అవుతుంది. ఫైలు చదివే మేము చూసేది కూడా ఆ వరుసనే. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, సెల్ బయాలజీ వంటి కఠినమైన సబ్జెక్టుల్లో, ఒకే సెమిస్టర్లో నిండు భారంతో, వరుసగా రెండేళ్లు ఏ గ్రేడులు తెచ్చుకున్న విద్యార్థి మొదటి రెండేళ్లు ఎలా చదివినా మెడికల్ కాలేజీ పాఠాన్ని తట్టుకోగలదని కమిటీ నమ్ముతుంది. తేలికైన సబ్జెక్టులతో పెంచిన జీపీఏను ఎవరూ లెక్కచేయరు.

ప్రత్యేక మాస్టర్స్ కోర్సుల గురించి కూడా మీకు ఎవరైనా చెప్పవచ్చు. వాటి గ్రేడులు డిగ్రీ జీపీఏలో కలవవు, వేరే వరుసలో కనిపిస్తాయి. మెడికల్ విద్యార్థుల పాఠాలే చదివిస్తారు కాబట్టి అక్కడ రాణిస్తే గట్టి సాక్ష్యమే అవుతుంది, తడబడితే మాత్రం ఆ తర్వాత చూపించడానికి ఇంకేమీ మిగలదు. నా అభిప్రాయంలో అది ఇప్పుడు కాదు, పోస్ట్‌బ్యాక్‌లో నిలదొక్కుకున్నాకే.

సమాధానం: బ్రాడీపేట అమ్మ, గుంటూరు

డాక్టరుగారు లెక్క చెప్పారు, నేను కారణం గురించి రాస్తాను. మా అబ్బాయి కూడా ఇక్కడ ఇంటర్ చదివి వెళ్లినవాడే. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ వరకు ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో ఇంకొకరు నిర్ణయిస్తారు. వారం వారం ఎన్ని పరీక్షలు రాసినా మార్కుల జాబితాలో మిగిలేది మాత్రం చివర రాసే పబ్లిక్ పరీక్షే. అక్కడ మొదటి వారం క్విజ్ నుంచి ల్యాబ్ రిపోర్టు వరకు ప్రతిదీ గ్రేడులో చేరుతుంది, చదవమని చెప్పేవారు ఎవరూ ఉండరు. అర్థం కానప్పుడు ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో వెళ్లి అడగాలి. మన పిల్లలు అడగరు, అడిగితే తెలివితక్కువ అనుకుంటారేమోనని భయం. మావాడు మొదటి ఏడాది ఒక్క ప్రొఫెసర్ గదిలోనూ అడుగుపెట్టలేదని తర్వాత తెలిసింది.

అందువల్ల మీ అమ్మాయిని ముందుగా అడగవలసింది ఎన్ని మార్కులు తెచ్చుకుంటావని కాదండి. ఎక్కడ జారిందో తనకు తెలుసా అన్నది. నిద్ర లేకా, దిగులు వల్లా, ఒకే సెమిస్టర్లో మూడు ల్యాబులు పెట్టుకోవడం వల్లా? కోపంగా అడిగితే చెప్పరు. చివరి సెమిస్టర్లో 3.4 వచ్చిందంటే ఏదో మార్చుకుందన్న మాట, అది ఏమిటో కనుక్కోండి.

మావాడు డిగ్రీ తర్వాత పోస్ట్‌బ్యాక్ చేసి, చివరికి ఆస్టియోపతిక్ కాలేజీలో చేరాడు. అక్కడ ఇచ్చే డిగ్రీ పేరు డీఓ. అది వినగానే మా చుట్టాలు ఎముకలు సరిచేసే వైద్యమా అని అడిగారు. అమెరికాలో డీఓలు పూర్తి స్థాయి వైద్యులు, 2020 నాటికి ఎండీ, డీఓ రెసిడెన్సీల (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) గుర్తింపు కూడా ఒకే వ్యవస్థ కిందికి వచ్చింది. సగటు జీపీఏ అక్కడ కొంత తక్కువగా ఉంటుంది కాబట్టి మీ జాబితాలో ఆ కాలేజీలను తప్పకుండా ఉంచుకోండి. కరీబియన్ విషయంలో మాత్రం నేను జంకుతాను. చేరడం సులువు, చేరినవారందరూ రెసిడెన్సీ దాకా రారు, ఫీజు భారం మాత్రం అందరికీ ఒకటే.

సమాధానం: కౌన్సెలింగ్ సంగతులు తెలిసినవాడు, గుంటూరు

వెనక్కి పిలిపించే ఆలోచనను పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. నీట్‌కు డిగ్రీ జీపీఏతో పనిలేదు. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ కేటగిరీకి 50 శాతం ఉంటే చాలు, ఇప్పుడు గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నవారు ఎన్‌ఆర్‌ఐ సీట్లకే అర్హులని కేంద్రం 2021 మార్చి 4న నోటిఫికేషన్ ఇవ్వగా, అంతకుముందే హక్కు పొందినవారికి అది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ అమ్మాయి కార్డు తేదీ చూసుకోండి.

కానీ మూడేళ్లుగా వదిలేసిన ఇంటర్ ఫిజిక్స్‌ను మళ్లీ పట్టుకుని, 720 మార్కుల పరీక్షలో లాంగ్ టర్మ్ పిల్లలతో పోటీపడాలి. సీటు వచ్చాక నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత అమెరికా వెళ్లాలంటే అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ, రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ ఎలాగూ తప్పవు. అక్కడే స్థిరపడాలనుకునే పిల్లకు ఇది చుట్టుదారి, ఇక్కడే ప్రాక్టీసు చేయాలనుకుంటే మాత్రం ఇదే సరైన దారి.

పటమట తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయితో మాట్లాడాను, అక్కడే ఉండి ప్రయత్నిస్తానంది. రెండు సందేహాలు మిగిలాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీని వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో (అక్కడి రెండేళ్ల స్థానిక కాలేజీ) మళ్లీ చేస్తే పాత డి పోతుందా? వేసవి సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు సూర్యారావుపేటలో మా బంధువుల ఆసుపత్రిలో పనిచేస్తే దరఖాస్తుకు ఉపయోగపడుతుందా?

గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థి

పాత డి పోదండి. విశ్వవిద్యాలయం తన ట్రాన్స్‌క్రిప్టులో కొత్త గ్రేడునే లెక్కించినా, ఆమ్‌కాస్ రెండింటినీ కలుపుతుంది. డీఓ దరఖాస్తుల్లో ఒకప్పుడు పాత గ్రేడును తీసేసి కొత్తదానినే లెక్కించేవారు, 2017లో అదీ ఆగిపోయింది. అయినా మళ్లీ చేయక తప్పదు, చాలా కాలేజీలు తప్పనిసరి సబ్జెక్టుల్లో డిని అంగీకరించవు. కమ్యూనిటీ కాలేజీ గ్రేడు కూడా జీపీఏలో సమానంగానే చేరుతుంది, అయితే పెద్ద కాలేజీలో జారిన సబ్జెక్టును తేలికైన చోట దాటించిందన్న అనుమానం కలగకుండా ఉండాలంటే తన విశ్వవిద్యాలయంలోనే, మామూలు సెమిస్టర్లో, మరో రెండు సైన్సు సబ్జెక్టులతో కలిపి చేయడం మేలు. ఎంక్యాట్‌ను ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ రెండూ పూర్తయ్యాకే రాయాలి. మొత్తం మీద ఏడుసార్లు రాయనిస్తారు గాని, రాసినవన్నీ కాలేజీలకు కనిపిస్తాయి, కాబట్టి ప్రయోగంగా రాయడం వద్దు.

సూర్యారావుపేటలో డాక్టరు పక్కన నిలబడి చూడటం మంచిదే, రాసుకోవచ్చు కూడా. అయితే బంధువుల చనువుతో ఇంజెక్షను ఇమ్మనో, కుట్లు వేయమనో అంటే మాత్రం ఒప్పుకోవద్దని చెప్పండి. శిక్షణ లేకుండా విదేశంలో రోగులను ముట్టుకోవడాన్ని అమెరికా కాలేజీలు ఘనతగా కాక తప్పుగా చూస్తాయి, ఆ విషయమై అక్కడి మెడికల్ కాలేజీల సంఘమైన ఏఏఎంసీ మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని ఆసుపత్రిలోనో హాస్పిస్‌లోనో (చివరి దశ రోగులను చూసుకునే చోటు) వారానికి ఒక పూట చొప్పున ఏడాది పాటు చేసే సేవకే బరువు ఎక్కువ. అది కూడా ఇప్పుడే మొదలుపెట్టకుండా, వచ్చే సెమిస్టర్ గ్రేడులు చేతికి వచ్చాక మొదలుపెట్టమనండి.