2019 తర్వాత అప్‌డేట్ రాని రౌటర్: వాడుకోవచ్చా, మార్చేయాలా?

చివరిగది:
ఇంట్లో రౌటర్ పాతదే, కానీ ఇంతవరకూ ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. స్పీడు సరిపోతోంది, సిగ్నల్ చివరి గది దాకా వస్తోంది. నిన్న వైఫై పాస్‌వర్డ్ మారుద్దామని సెట్టింగ్స్ పేజీ తెరిస్తే ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) తేదీ కంటపడింది: 2019. అక్కడే ఉన్న అప్‌డేట్ బటన్ నొక్కాను. ‘మీ ఫర్మ్‌వేర్ తాజాగానే ఉంది’ అని వచ్చింది. హమ్మయ్య అనుకుని, ఎందుకైనా మంచిదని కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి చూస్తే పక్కనే ‘ఎండ్ ఆఫ్ లైఫ్’ (ఇక అప్‌డేట్లు రావు) అని రాసి ఉంది. ఈ రెండిట్లో ఏది నమ్మాలి?

బ్యాంకు పనులన్నీ ఈ వైఫై మీదే చేస్తాను. అమ్మ ఫోన్, టీవీ, గుమ్మం దగ్గర ఒక కెమెరా కూడా దీనికే కలిపి ఉన్నాయి. మార్చి తీరాలంటే మారుస్తాను. కానీ నిక్షేపంగా పనిచేసే వస్తువుని పారేయడానికి నాకు మనసొప్పదు. భయపెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సోమరిపోతు:
నాది అంతకన్నా పాతది బ్రో, ఏమీ కాలేదు. బ్యాంకు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ కదా, డేటాకి తాళం వేసే పంపుతాయి, మధ్యలో ఎవడూ చదవలేడు. అయినా మన ఇంటి రౌటర్ని హ్యాక్ చేస్తే ఎవడికేం ఒరుగుతుంది? అనవసరంగా టెన్షన్ పడకు.

పింగ్‌వీరుడు:
ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్‌లు పెట్టి చూసుకోవడం నా పని. ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు మీ సందేహం. మీకు కనిపించిన రెండూ నిజమే. ఆ బటన్ చేసేది ఒక్కటే, ఇంతకన్నా కొత్త ఫైల్ ఉందా అని కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. లేదు కాబట్టి ‘తాజాగానే ఉంది’ అంటుంది. రాసేవాళ్లే మానేశారన్న సంగతి దానికి తెలియదు. కాబట్టి రౌటర్ వయసు కొన్న రోజు నుంచి కాదు, చివరి అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టండి. పదేళ్ల కిందటిదైనా కంపెనీ ఇంకా లోపాలు సరిచేస్తుంటే వాడుకోవచ్చు. మొన్న కొన్నదైనా పట్టించుకునేవాళ్లు లేకపోతే అది పాతదే.

‘ఏమీ కాలేదు’ అన్న మాట నాకు రోజూ వినిపిస్తుంది. వైరస్ పట్టిన రౌటర్ మామూలు రౌటర్ లాగే పనిచేస్తుందండీ. దాన్ని పట్టినవాడికి కావాల్సిందీ అదే. అది ఆగిపోతే మీరు తీసేస్తారు, వాడికే నష్టం.

ఇక ‘ఎవడికేం ఒరుగుతుంది’. వాళ్లకి మీ ఫొటోలు అక్కర్లేదు, మీ ఇంటి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ ఇంటిని గుర్తించే నంబర్) కావాలి. 2025 మేలో అమెరికా ఎఫ్‌బీఐ సరిగ్గా ఇలాంటి ఎండ్ ఆఫ్ లైఫ్ రౌటర్ల గురించే హెచ్చరిక ఇచ్చింది. ద మూన్ అనే మాల్వేర్‌తో (హానికర ప్రోగ్రామ్‌తో) నేరగాళ్లు వాటిని పట్టి, ఎనీప్రాక్సీ, 5సాక్స్ అనే సైట్ల ద్వారా అద్దెకి ఇచ్చేవాళ్లు. అద్దెకి తీసుకున్నవాడు చేసే మోసం మీ ఇంటి అడ్రస్ నుంచి జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జాబితాలో లింక్‌సిస్ ఈ1200, ఈ2500 లాంటివి ఉన్నాయి. ఒకప్పుడు ఇంటింటా కనిపించిన మోడళ్లే. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే ఇంకో మాల్వేర్ బయటపడినప్పుడు 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాలకి అది సోకిందని సిస్కో కంపెనీ భద్రతా పరిశోధన బృందం టాలోస్ చెప్పింది. రౌటర్లని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమని ఎఫ్‌బీఐ జనాన్ని కోరింది. రీబూట్‌తో అందులో ప్రమాదకరమైన భాగాలు పోయేవి గానీ, మొదటి భాగం మాత్రం పోయేది కాదు.

హెచ్‌టీటీపీఎస్ మాట చాలా వరకు నిజమే. కానీ రౌటర్ చేతికి చిక్కినవాడు డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ ఏదో చెప్పే సర్వీసు) మార్చేస్తాడు. మీరు బ్యాంకు పేరు సరిగ్గానే కొడతారు, చేరేది ఇంకోచోటికి. అప్పుడు బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని చూసి వెనక్కి వచ్చేస్తే మీరు సేఫ్. ‘అయినా ముందుకెళ్లు’ అని నొక్కేవాళ్లని నేను కళ్లారా చూశాను. పైగా టీవీ, కెమెరా లాంటివన్నీ బ్రౌజర్ అంత జాగ్రత్తగా సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని చూపే గుర్తింపు) చూస్తాయన్న నమ్మకం లేదు.

ఒక ఆఫీసులో ఓనర్ ‘మనల్ని ఎవరు పట్టించుకుంటారు’ అంటే రౌటర్ లాగ్ (బయటనుంచి ఎవరు తట్టారో రాసుకునే చిట్టా) ఆన్ చేసి ఆయన ముందే పెట్టాను. టీ తాగి వచ్చేసరికి పేజీ నిండిపోయింది. పోర్ట్ అంటే లోపలికి వచ్చే తలుపు నంబర్ అనుకోండి: పోర్ట్ 23, మళ్లీ 23, 8080, 7547, 22. అడ్రసులన్నీ వేర్వేరు దేశాలవి. వాళ్లెవరికీ ఆయన తెలియదు. దొరికిన ప్రతి ఐపీ అడ్రస్‌నీ ప్రోగ్రాములు వరసగా తట్టుకుంటూ పోతుంటాయి, అంతే.

ఈ రాత్రి ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు మీ రౌటర్‌కి ఉన్న అడ్రస్) ఎంతో చూడండి. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటనుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరవనివ్వడం), యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తాము పోర్ట్‌లు తెరిపించుకునే ఏర్పాటు), డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు పిన్‌తోనో బటన్‌తోనో వైఫైకి కలిపే పద్ధతి) ఆన్‌లో ఉన్నాయా, డీఎన్‌ఎస్ దగ్గర మీరు పెట్టని నంబర్లేమైనా ఉన్నాయా చూడండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా డబ్బాతో వచ్చినదే అయితే ముందు అది మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ వ్యాపించింది గొప్ప లోపం పట్టుకుని కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల చిన్న జాబితాతోనే.

చివరిగది:
అన్నీ చూశాను. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్‌లో ఉంది. డీఎన్‌ఎస్ ‘ఆటోమేటిక్’ అని ఉంది. డబ్ల్యూపీఎస్ ఆన్, యూపీఎన్‌పీ ఆన్. యూపీఎన్‌పీ పేజీలో ఒక వరస ఉంది: పోర్ట్ 8000, ఎదురుగా మా కెమెరా లోపలి అడ్రస్. అది నేను పెట్టలేదు. వ్యాన్ ఐపీ మాత్రం 100.72తో మొదలవుతోంది, బయట సైట్‌లో చూస్తే వేరే నంబర్ చూపిస్తోంది. ఇదేమైనా ప్రమాదమా?

పింగ్‌వీరుడు:
ఆ 100.72 మీ అదృష్టం. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు సీజీనాట్ కోసం కేటాయించినవి. అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతోంది. బయటనుంచి తట్టేవాళ్లు మీ రౌటర్ దాకా నేరుగా రాలేరు. ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రసులు) ఆన్‌లో ఉంటే మాత్రం ఈ లెక్క మారిపోతుంది, అది కూడా చూసుకోండి. పైగా దాడి లోపలి నుంచి కూడా రావచ్చు. మీరు తెరిచిన ఏదో చెత్త పేజీ, మీ బ్రౌజర్ ద్వారానే 192.168.0.1 లాంటి రౌటర్ లోపలి అడ్రస్‌కి ఆదేశాలు పంపగలదు. పాత ఫర్మ్‌వేర్లు చాలా వాటిలో దీన్ని ఆపే ఏర్పాటు సరిగా లేదు.

పోర్ట్ 8000 వరస కెమెరా తనంతట తను పెట్టించుకున్నది. యూపీఎన్‌పీ ఉన్నదే అందుకు, ఎవరినీ అడగదు. ఆఫ్ చేయండి. ఆ తర్వాత కెమెరా యాప్ బయటనుంచి పనిచేస్తే సరే. ఎక్కువ భాగం పనిచేస్తాయి, అవి కంపెనీ సర్వర్ మీదుగా వెళ్తాయి కాబట్టి.

డబ్ల్యూపీఎస్ కూడా తీసేయండి. ఎనిమిదంకెల పిన్ కదా, కోట్లలో ప్రయత్నించాలనుకుంటాం. కానీ మొదటి నాలుగంకెలు సరిపోయాయో లేదో రౌటర్ ముందే చెప్పేస్తుంది. తర్వాతి మూడు విడిగా చూస్తుంది, చివరిది మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టేది. 10,000కి 1,000 కలిపితే 11,000 ప్రయత్నాలు, అంతకు మించి అక్కర్లేదు. ఇది 2011లోనే బయటపడింది. రాసినవాళ్లు ఆ రోజు ఏ ధ్యాసలో ఉన్నారో గానీ!

సోమరిపోతు:
సరే, ఒప్పుకుంటున్నా. మరి ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ అయితే? నాది అదే. అప్‌డేట్ బటనే లేదు.

పింగ్‌వీరుడు:
వాళ్లే దూరం నుంచి చేస్తారు, టీఆర్-069 అనే పద్ధతిలో. పై లాగ్‌లో 7547 కనిపించింది చూడండి, అది దాని పోర్టే. 2016 నవంబర్‌లో జర్మనీలో ఆ పోర్ట్ మీద పడ్డ దాడితో డాయిచె టెలికామ్ కస్టమర్లు దాదాపు 9 లక్షల మందికి నెట్ పోయింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, చివరి అప్‌డేట్ ఎప్పుడు పంపారో అడగండి. సమాధానం రాకపోతే పరికరం మార్చమనండి, అది వాళ్లది కదా.

రాగితీగ:
ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ సంగతి ఎవరూ చెప్పలేదేం? మోడల్‌కి సపోర్ట్ ఉంటే పాత రౌటర్‌కీ కొత్త ఫర్మ్‌వేర్ దొరుకుతుంది. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూసుకోవాలి. ఒకే మోడల్ పేరుతో వి1, వి3 అని లోపల వేరే చిప్‌తో అమ్ముతారు. ఒకదాని ఫైల్ ఇంకోదానికి ఎక్కిస్తే ఇక లేవదు. ఎక్కించేటప్పుడు వైఫై కాదు, కేబుల్ వాడండి. కరెంటు పోయే టైమ్‌లో అసలు మొదలెట్టొద్దు. 4 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ ఉండే చోటు), 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటితో మాత్రం కుస్తీ పట్టకండి, కొత్త వెర్షన్లు వాటిలో పట్టవు.

చివరిగది:
నాది సరిగ్గా ఆ 4, 32 బాపతే అని తేలింది. ఇక కొత్తది కొనాల్సిందే. పాతదాన్ని ఏం చేయాలి?

పింగ్‌వీరుడు:
పారేయక్కర్లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, దాని లోపలి అడ్రస్ కొత్తదానితో తగువు పడకుండా 192.168.0.2 లాంటిది పెట్టండి. కొత్తదానిది 192.168.1తో మొదలయ్యే అడ్రసైతే దీనికీ అలాంటిదే ఇవ్వాలి. డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే ఏర్పాటు), వైఫై రెండూ ఆపేయండి. కొత్త రౌటర్ ల్యాన్ పోర్ట్ (ఇంట్లో పరికరాలకి కేబుల్ గుచ్చే చోటు) నుంచి దీని ల్యాన్ పోర్ట్‌కి కేబుల్ వేయండి, దీని వ్యాన్ పోర్ట్‌ని (ఇంటర్నెట్ కేబుల్ గుచ్చే చోటుని) ముట్టుకోవద్దు. టీవీకీ డెస్క్‌టాప్‌కీ వైరు కనెక్షన్ ఇచ్చే స్విచ్ అయిపోతుంది. బయటి ప్రపంచానికి ఎదురుగా ఉండేది కొత్తది. ఇది దాని వెనక ఉంటుంది.

కొత్తది కొనేటప్పుడు ఎన్ని యాంటెనాలున్నాయో కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తామన్నారో చూడండి. 2024 ఏప్రిల్ 29 నుంచి బ్రిటన్‌లో అది చెప్పి తీరాలని చట్టం ఉంది, కాబట్టి అక్కడ అమ్మే మోడల్ అయితే ఆ తేదీ కంపెనీ సైట్‌లో వెతికితే దొరుకుతుంది. ఆటోమేటిక్ అప్‌డేట్ ఉందో లేదో కూడా చూసి, ఉంటే మొదటి రోజే ఆన్ చేయండి. ఆ కెమెరా ఫర్మ్‌వేర్ తేదీ కూడా ఒకసారి ఇక్కడ పెట్టండి, చూద్దాం.