ఎన్‌కే కణాల మీద పీహెచ్‌డీ చేయాలనుంది, దారి చెప్పగలరా?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. కాకతీయ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతున్నా. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు, ముఖ్యంగా ఎన్‌కే కణాల (వైరస్ సోకిన కణాలను చంపే ఒక రకం తెల్ల రక్తకణాలు) మీద పరిశోధన చేయాలని గట్టిగా ఉంది.

కారణం మా మేనత్త మనవడు. తగ్గని జ్వరం, ఉబ్బిన పొట్ట, పడిపోయిన ప్లేట్‌లెట్లు. ఎన్నో పరీక్షల తర్వాత హెచ్‌ఎల్‌హెచ్ (రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత శరీరాన్నే దెబ్బతీసే జబ్బు) అని తేలింది, పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ తయారీకి కావాల్సిన జన్యువులో లోపం. వైరస్ సోకిన కణానికి ఎన్‌కే కణం రంధ్రం చేసేది ఆ ప్రోటీన్‌తోనే. వాడి అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువే వచ్చింది. మన దగ్గర మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, అందుకే ఈ పని మనవాళ్లే ఎక్కువమంది చేయాలనిపిస్తుంది.

ఇప్పుడు సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకి చదువుతున్నా. దాంట్లో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే ముంబైలోని ఎన్‌ఐఐహెచ్‌కి (రక్తం, రోగనిరోధక జబ్బుల పరిశోధన సంస్థ) ప్రయత్నించాలా, హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జన్యుశాస్త్రం వైపు నుంచి రావాలా? ఎంబీబీఎస్ లేనివాళ్లకు రోగుల రక్త నమూనాలతో పనిచేసే అవకాశం ఎంతవరకు ఉంటుంది? నా పెద్ద టెన్షన్ ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతితో పరీక్షించే పద్ధతి). చదవడమే తప్ప మిషన్ ముట్టుకోలేదు. వేసవిలో అది చేతితో నేర్పే ల్యాబ్ వరంగల్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ ఉంటే దయచేసి చెప్పండి.