ఫ్యాన్ బెల్టు మనమే మార్చుకోవచ్చా? విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక సందేహం

సింగ్‌నగర్ సుధ:
మా కారు కొని పదకొండేళ్లు. పెట్రోలు బండి, 74 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పొద్దున స్టార్టు చేయగానే బోనెట్ కింద ఎవరో కుక్కపిల్ల తోక తొక్కినట్టు కీచుమంటోంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. తొంగి చూస్తే బెల్టు లోపలి వైపు అడ్డంగా పగుళ్లు ఉన్నాయి, ఒకచోట చిన్న ముక్క ఊడిపోయింది. దాని మీద 4పీకే890 అని రాసి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు ఈ కారు చక్రాలు మునిగే నీళ్లలో రెండు రోజులు నిలబడింది. సంబంధం ఉందో లేదో గానీ చెప్పి ఉంచుతున్నాను.

టైరు మార్చడం తప్ప నాకు ఏ పనీ రాదు. స్పానర్ల పెట్టె ఒకటి కొన్నాను. ఈ బెల్టు నేనే మార్చుకోవచ్చా? కూలి డబ్బులు మిగుల్చుకుందామని అడగడం లేదని ముందే మనవి.

ఆటోనగర్ పాతకాపు:
వద్దమ్మా. జవహర్ ఆటోనగర్‌లో 31 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. పోయిన వేసవిలో ఒకాయన వీడియో చూసి తనే బెల్టు వేసుకున్నాడు. పుల్లీకి, అంటే బెల్టు తిరిగే చక్రానికి, నాలుగు గాడులుంటే బెల్టు ఒక గాడి పక్కకు కూర్చుంది. బెంజ్ సర్కిల్ దాటకముందే అంచు చీలికలు పేలికలైంది. బ్యాటరీ దీపం వెలిగినా అలాగే నడిపాడు. ఆ బండిలో ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపు కూడా ఆ బెల్టు మీదే. మిగిలిన కథ మీరే ఊహించుకోండి. ఇంజను తల విప్పాల్సి వచ్చింది.

బ్రాడీపేట నాలుగో లైను:
సుధ గారూ, భయపడకండి. బోనెట్ కింద కొత్తవాళ్లు మొదలుపెట్టదగ్గ పని ఏదైనా ఉందంటే అది ఇదే. 4పీకే890 అంటే నాలుగు గాడుల బెల్టు, పొడవు 890 మిల్లీమీటర్లు. అదే సంఖ్య చూసి కొనండి. విప్పే ముందు బెల్టు ఏ పుల్లీ పైనుంచి, ఏ పుల్లీ కిందనుంచి తిరుగుతోందో రెండు మూడు ఫొటోలు తీసుకుని, కాగితం మీద బొమ్మ కూడా గీసుకోండి. నేను మొదటిసారి ఫొటో ఒక్కటే తీశాను, అందులో నా బొటనవేలు తప్ప ఏమీ పడలేదు.

ఇంజను చల్లగా ఉండాలి, తాళం చేతిలో ఉండాలి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి ఉండాలి. మీ బండిలో బిగింపు స్ప్రింగుతో తనంతట తను జరిగే రకమా, బోల్టుతో జరిపే రకమా అన్నది ముందు చూడండి. బోల్టు రకమైతే ఆల్టర్నేటర్ (బ్యాటరీకి ఛార్జి ఎక్కించేది) కింది బోల్టు, పై నట్టు కాస్త వదులు చేసి, జరిపే బోల్టు తిప్పితే బెల్టు వదులవుతుంది. కొత్తది వేశాక ప్రతి గాడిలో సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. పాతకాపు గారు చెప్పిన ప్రమాదం అర నిమిషం తడిమితే తప్పేది.

అతిగా బిగించవద్దు. కొత్తవాళ్లంతా చేసే తప్పు అదే. బిగువెక్కితే ఆల్టర్నేటర్ బేరింగు పోతుంది, వదులైతే జారి అరుస్తుంది. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే ఎంత లోపలికి పోవాలో కారు పుస్తకంలో ఉంటుంది.

గొల్లపూడి మాస్టారు:
ఒక్క సవరణ. దీన్ని ఫ్యాన్ బెల్టు అనడం తప్పు. పాత అంబాసిడర్, పద్మిని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఈ బెల్టుతోనే తిరిగేది కాబట్టి ఆ పేరు. ఈ కారులో ఫ్యాన్ కరెంటు మోటారుతో తిరుగుతుంది. ఫ్యాన్‌కూ బెల్టుకూ సంబంధమే లేదు.

కంకిపాడు డ్రైవర్:
తడి సబ్బు రాయండి. అరుపు ఆగిపోతుంది.

ఆటోనగర్ పాతకాపు:
సబ్బు రాస్తే ఆగేది అరుపు మాత్రమే. రెండు రోజులకు జిడ్డు పట్టి ఇంకా జారుతుంది. మాస్టారూ, 31 ఏళ్లుగా అంగడిలో ఫ్యాన్ బెల్టు అనే అడుగుతున్నాను, వాళ్లు అదే ఇస్తున్నారు.

నాలుగో లైను గారూ, మీరు రాసినది పుస్తకంలో బాగుంటుంది. మీరు చెప్పిన ఆ కింది బోల్టు పదకొండేళ్ల తుప్పు పట్టి ఉంటుంది, పైగా వరద నీళ్లు తాగిన బండి. ఆ అమ్మాయి బలమంతా పెట్టి తిప్పితే బోల్టు తల గుండ్రమవుతుంది. అప్పుడు ఎవరి దగ్గరికి వస్తారు? కొన్ని కొత్త బండ్లలో సాగే బెల్టు వస్తోంది, దానికి జరిపే బోల్టే ఉండదు, ఎక్కించడానికి వేరే పనిముట్టు కావాలి. ఇంకొకాయన ఇదే బెల్టనుకుని టైమింగ్ బెల్టు, అంటే ఇంజను వాల్వులను వేళకు తెరిచి మూయించే బెల్టు, మూత విప్పాడు. అది పళ్లు తప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇవన్నీ వీడియోలో చెప్పరు.

గొల్లపూడి మాస్టారు:
అంగడిలో అడిగినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

బ్రాడీపేట నాలుగో లైను:
బయట పుల్లీల మీద కనిపిస్తున్న బెల్టు గురించి ఆవిడ అడిగితే, మూత వెనుక ఉన్న టైమింగ్ బెల్టు చూపించి భయపెట్టడం ఏమిటి?

నా సంగతి చెబుతాను. నాలుగేళ్ల కిందట గుంటూరులో ఒక షెడ్డులో రెండు బెల్టులు, ఒక బిగింపు పుల్లీ మార్చామని బిల్లు ఇచ్చారు. ముందురోజే రెండు బెల్టుల వీపు మీద తెల్ల రంగు చుక్క పెట్టి ఉంచాను. ఇంటికి వచ్చి చూస్తే ఒక చుక్క నా వైపు చూసి నవ్వుతోంది. పుల్లీ కూడా పాతదే, కడిగి పెట్టారు. వెళ్లి అడిగితే మొదటి ప్రశ్న, "మీకు బండి పని తెలుసా?" అని. ఆ రోజు నుంచి నా బండి నేనే విప్పుతున్నాను.

మంగళగిరి పద్మజ:
మాస్టారి మాటను ఎవరూ పట్టించుకోలేదు గానీ అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఫ్యాన్ కరెంటుది కాబట్టే కొన్ని బండ్లలో ఇంజను ఆపినా, వేడి తగ్గకపోతే తనంతట తనే తిరగడం మొదలుపెడుతుంది. మావారు ఇంజను ఆపాను కదా అని చెయ్యి పెట్టారు. కుడిచేతి చూపుడు వేలికి ఏడు కుట్లు. సుధ గారూ, చున్నీ తీసి, జుట్టు ముడివేసి, గాజులు, ఉంగరం, వాచీ పక్కన పెట్టి గానీ బోనెట్ ఎత్తకండి. ఉంగరం బ్యాటరీ మీద తగిలితే వేలు కాలుతుంది.

గొల్లపూడి మాస్టారు:
ధన్యవాదాలమ్మా. అందుకే పేరు సరిగా పలకమన్నాను.

ఆటోనగర్ పాతకాపు:
ఎవరో ఒకడు దొంగపని చేశాడని ఊరిలో షెడ్లన్నీ దొంగ షెడ్లా? మాలో ఎంతమంది పదేళ్ల వయసులో స్పానర్ పట్టుకున్నారో మీకు తెలుసా? అరుపు వినగానే అది బెల్టా, బేరింగా, ఏసీ కంప్రెసరా అని చెప్పడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ఆ తెలివికి ఎవరూ పైసా ఇవ్వరు. బెల్టు ధర అంగడి వాడు ఎంత చెబితే అంత ఇస్తారు, నా కూలి దగ్గరికి వచ్చేసరికి బేరం. ఇప్పుడు బెల్టు కూడా ఫోనులో తెప్పించుకుని "ఊరికే వేసి ఇవ్వు" అంటారు. నెలకు అది తెగితే మాత్రం అంగడిని అడగరు, నన్ను అడుగుతారు!

బ్రాడీపేట నాలుగో లైను:
మిమ్మల్ని దొంగ అనలేదు. ఒక్క మాట అడుగుతాను. పని చేసేటప్పుడు బోనెట్ దగ్గర మమ్మల్ని ఎందుకు నిలబడనివ్వరు? "కుర్చీలో కూర్చోండి సార్, టీ తెప్పిస్తాను" అని ఎందుకు పంపేస్తారు? పక్కన నిలబడి చూసి ఉంటే నాకు తెల్ల చుక్కల అవసరం వచ్చేదే కాదు.

ఆటోనగర్ పాతకాపు:
ఒకసారి ఒకాయన పక్కన నిలబడి, నేను కింద ఉండగా, "ఇప్పుడు చూద్దామా" అని స్టార్టు చేశాడు. నా ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది. చాలా?

మంగళగిరి పద్మజ:
అయ్యో.

సింగ్‌నగర్ సుధ:
పాతకాపు గారూ, మీ వేలి సంగతి చదివి బాధ కలిగింది. అయినా నా మాట కూడా చెప్పనివ్వండి.

వరద తగ్గాక ఈ కారును ఒక షెడ్డుకు తోసుకెళ్లి ఇచ్చాను. బురద కడిగి, నూనెలు మార్చి ఇచ్చారు, అడిగినంత ఇచ్చాను. అప్పుడే కింద ఏదో గరగరమంటోందని చెబితే, ఆయన నా తల మీదుగా రోడ్డు వైపు చూస్తూ "ఇంట్లో మగవాళ్లు ఉంటే పంపండమ్మా, మాట్లాడతాను" అన్నాడు. మా ఇంట్లో ఉన్న మగవాడు నాలుగో తరగతి చదువుతున్నాడు. వాడిని పంపనా? నేను బెల్టు మార్చడం నేర్చుకోవాలనుకున్నది ఆ రోజే. ఈసారి షెడ్డుకు వెళితే ఏది అరుస్తోందో నేనే చెప్పగలగాలి. అంతే.

ఆటోనగర్ పాతకాపు:
గరగరమని అప్పుడే అన్నారా? ఆ మాట మొదట్లో రాయలేదేం!

కీచుమంటే బెల్టు. గరగరమంటే బెల్టు కాదమ్మా. బురద నీటిలో రెండు రోజులు నిలిచిన బండిలో ముందు పోయేది కింది పుల్లీల బేరింగు. లోపలి గ్రీజులోకి ఒండ్రు చేరుతుంది. ఎన్ని కొత్త బెల్టులు వేసినా ఆ పుల్లీలు అరుస్తూనే ఉంటాయి. ఆ వరద తర్వాత నా షెడ్డులో ఇలాంటి బండ్లు వరసపెట్టి వచ్చాయి.

బ్రాడీపేట నాలుగో లైను:
దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి, పిచికారీ సీసాతో బెల్టు గాడుల మీద కాసిని నీళ్లు కొట్టండి. అరుపు క్షణం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు వరసలో లేవు. పెరిగితే బెల్టు జారుతోంది. ఏ మార్పూ లేకపోతే పాతకాపు గారి అనుమానమే నిజం కావచ్చు.

ఆటోనగర్ పాతకాపు:
నీళ్లు కొట్టినా కొట్టకపోయినా, బెల్టు విప్పి ఒక్కొక్క పుల్లీని వేలితో తిప్పి చూస్తే చాలు. మంచిది చప్పుడు లేకుండా తిరుగుతుంది. పోయినది చేతికే తెలుస్తుంది.

బ్రాడీపేట నాలుగో లైను:
అంటే బెల్టు విప్పమని మీరే చెబుతున్నారు.

ఆటోనగర్ పాతకాపు:
విప్పమన్నాను. వేయమనలేదు.

సింగ్‌నగర్ సుధ:
ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. నీళ్లు కొడితే కీచుదనం పెరిగింది, కింది గరగర మాత్రం అలాగే ఉంది. కింది బోల్టు పాతకాపు గారు చెప్పినట్టే కదలలేదు. తుప్పు వదిలే నూనె కొట్టి, అన్నం తిని, సాయంత్రం మళ్లీ పట్టుకుంటే కదిలింది. బెల్టు చేతికి వచ్చాక వెనక్కి వంచి చూస్తే పగుళ్లు నేను అనుకున్నదాని కంటే ఎక్కువే.

ఆల్టర్నేటర్ పుల్లీ చప్పుడు లేకుండా తిరిగింది. నీళ్ల పంపుదీ అంతే. కింద చిన్న పుల్లీ ఒకటి, బెల్టును నొక్కి పట్టేది, తిప్పితే ఇసుక నములుతున్నట్టుంది. పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదులుతోంది.

ఆటోనగర్ పాతకాపు:
చెప్పానా!

బ్రాడీపేట నాలుగో లైను:
తీసి చూసింది ఎవరు?

కంకిపాడు డ్రైవర్:
బెల్టు కూడా జారుతోందిగా. సబ్బు రాసి ఉంటే సగం అరుపు తగ్గేది.

ఆటోనగర్ పాతకాపు:
సుధమ్మా, ఆ పుల్లీ మధ్య బోల్టు ఒక్కటి విప్పి తీసుకురండి. బేరింగు ఒక్కటే నొక్కించి ఇవ్వగలనా, మొత్తం మార్చాలా అన్నది చూస్తే గానీ చెప్పలేను. మీ ముందే చూస్తాను. తిరిగి బిగించుకోవడం మీ ఇష్టం. బిగించాక అయిదు నిమిషాలు నడిపి, ఆపి, చల్లారాక బిగువు మళ్లీ చూసుకోండి, కొత్త బెల్టు కాస్త వదులవుతుంది.

సింగ్‌నగర్ సుధ:
బెల్టు లేని కారులో ఎలాగూ రాలేను. రేపు పుల్లీని సంచిలో వేసుకుని ఆటోలో వస్తాను. కుర్చీ, టీ వద్దు. బల్ల దగ్గర నిలబడతాను, దేన్నీ ముట్టుకోను.